హులిగెమ్మ పుట్టినరోజు

పొద్దున నాలుగున్నరకు
గుంతకల్లు యార్డులో ఏదో గూడ్సుబండి కూతేస్తాది.
లేచి బొరుగులు నానేసి పిండుతా.
ముప్పైతొమ్మిది మందికి ఉగ్గాని.
బజ్జీ ఆదివారమే, తలకొకటి.
పెన్నోబులేసుకు మాత్రం ఒకటిన్నర,
ఊడిన పన్ను ఏడవకుండా నా చేతిలో పెట్టినోడు వాడు.
కారమురా అంటే
మండనీలే అంటాడు.

నా పేరు అక్కులమ్మ.
పిల్లోళ్లు దాంట్లో అమ్మను తీసేసి
అక్కులక్కా అని పిలుస్తారు.
అమ్మ అనే మాట
ఎవరికోసమో ఎత్తిపెట్టుకున్నారు.
నేను అడగలే.

మధ్యాన్నం బండల మీద పేన్ల దువ్వెన.
రైలు డబ్బాల మాదిరి వరసగా కూచుంటారు,
ముందరిదాని తల ఎనకది,
ఎనకదాని తల దాని ఎనకది.
కడాన నేను.
నా ఎనక ఎవరూ లేరనుకుంటానా,
హుసేనమ్మ వచ్చి కూచోని
తెల్లెంట్రుకలు లెక్కబెడతాది.
నలభై దాటినాక లెక్క తప్పి
మళ్లా ఒకటి.

ఆఫీసు రిజిస్టర్లో ఇరవైరెండు మందికి
పుట్టిన తేదీ జూన్ ఒకటి.
తెలీనోళ్లకు బడి అయ్యవార్లు రాసే తేదీ అది.
ఒకే దినం ఇరవైరెండు మందిని కన్న
ఆ మహాతల్లి ఎవరో!
వార్డెను సువార్తమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.
"మీకు ఇష్టమైన దినం చెప్పండి,
ఆ దినమే పాయసం" అనింది.
కుళ్లాయప్ప పీర్లపండగ అన్నాడు.
నాగలింగ, సెలవు కాని దినం ఏదైనా సరే అన్నాడు,
క్లాసులో చాక్లెట్లు పంచాలంట.
హులిగెమ్మ రెండ్రోజులు ఆలోచించి
"మొదటి వాన పడిన రోజు" అనింది.
ఏ నెలమ్మే?
ఏ నెలైతే ఆ నెల.
సువార్తమ్మ పెన్ను అట్లే గాల్లో నిలబడింది.
ఈ సీమలో ఆ మాటంటే
తిరిగియ్యనోనికి వయసును అప్పిచ్చినట్టే.

హొస్పేట బండి దిగిన రాత్రి
ప్లాట్‌ఫారం రేకుల మీద వాన చప్పుడంట.
టీ అమ్మే అతనెవరో
తన టవలు తీసి తల తుడిచినాడంట.
అంతకు ముందుది ఏదీ
ఆ పిల్లకు గుర్తులేదు.

ఈ యేడు జూన్ పోయె, జూలై పోయె.
విత్తాల్సిన చెనిక్కాయలు మూటల్లోనే ఉండాయి.
నేను శ్యామియాలు, చక్కెర డబ్బాకు పోసి
చీమలు రాకుండా నీళ్ల తట్టలో పెట్టినా.
ట్యాంకరు నీళ్లలో ఒక చెంబు దానికే.
చిన్నోడు పెన్నోబులేసు కూడా తొమ్మిదికొచ్చి
దాన్ని అందుకున్నాడు.
మోడం పడితే చాలు
ముప్పైతొమ్మిది మెడలు పైకి.

ఆగస్టులో ఒక రాత్రి ఒంటిగంటకు
రేకు మీద టప్పుమనింది.
అందరూ వాకిట్లోకి.
పది నిమిషాలు.
మట్టి వాసన లేసింది, బండ తడవలే.
"ఇది లెక్కకు రాదు" కుళ్లాయప్ప.
"వస్తాది" హుసేనమ్మ.
కొట్లాట ముదిరితే సువార్తమ్మ టార్చిలైటు తెచ్చి
నేల మీద చుక్కలు ఎతుకుతాంది.
హులిగెమ్మ అరచెయ్యి నాకి చూసి
"సగమే పడింది.
సగం పాయసం చెయ్యి అక్కులక్కా" అనింది.

తెల్లారి మనిషికి మూడు స్పూన్లు.
మిగిలిన శ్యామియాలు మళ్లా డబ్బాలోకి,
డబ్బా మళ్లా నీళ్లలోకి.
తొమ్మిదిన్నరేండ్ల పిల్ల
గ్లాసులు కడిగే కాడ నా పక్కన చేరి అడిగింది,
నువ్వెప్పుడు పుట్టినావు?
ఆధార్ కార్డులో జనవరి ఒకటి.
మా అమ్మ మాత్రం
చెనిక్కాయ పెరికేటప్పుడు అనేది.
ఆ పిల్ల గ్లాసు బోర్లించి లెక్కేసింది.
"చెనిక్కాయ పెరకల్లంటే ముందు వాన పడల్ల గదా?
అయితే నా ఎనకాల పుట్టినావు నువ్వు.
చిన్నదానివి.
ఇట్లియ్యి,
ఆ పెద్ద బోకి నేను తోముతా."